కుర్చీకీ బల్లకీ మధ్య దూరం

లెన్సు లోపలి అద్దం మీద ఫంగస్ సాలెగూడులా అల్లుకుని ఉంది. రింగులమ్మ పుల్లకు చుట్టిన దూదిని మందులో ముంచి, ఎక్కువైన తడిని గుడ్డకు ఒత్తి, అద్దాన్ని నడిమి నుంచి అంచు దాకా గుండ్రంగా తుడుస్తోంది. తుడిచేంతసేపూ ఊపిరి బిగబట్టడం ఆమెకు అలవాటు. ఊపిరి ఆవిరి అద్దం మీద పడితే పని మళ్ళీ మొదటికొస్తుంది. తుడిచాక అద్దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి ఏటవాలుగా చూసింది. ఒక మూల సన్నటి గీత మిగిలింది. అది ఫంగస్ కాదు, ఎవరో చొక్కా అంచుతో రుద్దిన పాపం. దానికి మందు లేదు.

"చొక్కాలు ఒంటికి కుట్టించుకుంటారు గానీ లెన్సులకు కాదు కదా," అంది.

కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చున్న ఆమె భర్త నవ్వాడు. "ఆ చొక్కా ఎవరిదో వాడిక్కడ లేడు. నన్ను తిట్టినట్టుంది."

"మీరు మాత్రం తుడవలేదా ఏంటి?"

"వాన పడుతుంటే తుడుచుకోనా మరి?"

వీధిలో ఆమెను రింగులమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దాంతో ఎవరికీ పని పడలేదు. రింగులంటే ఒంటిమీదివి కాదు. ఇత్తడిని తిప్పి కోసే లేత్ మిషన్ దగ్గర నిలబడేవాళ్ళు వేలికి ఉంగరం పెట్టుకుంటే ఏదో ఒకనాడు ఉంగరంతోపాటు వేలూ పోతుంది. అందుకని ఆమె వేళ్ళు బోసిగానే ఉంటాయి. పొట్టి వేళ్ళు, గోళ్ళ అంచున ఎంత కడిగినా పోని నూనె నలుపు, కుడి బొటనవేలి మీద ఎప్పుడో ఇత్తడి పొట్టు గీసిన తెల్లటి మచ్చ. అరవై దాటిన మనిషే గానీ ముంజేతులు మాత్రం ముప్పై ఏళ్ళ వాళ్ళకుండేంత గట్టివి. మెడలో తాడుకు మందపాటి కళ్ళద్దాలు. అవి లేకపోతే జానెడు దూరం దాటిందేదీ ఆమెకు సరిగ్గా కనిపించదు. జానెడు లోపల మాత్రం ఆమె కంటిని తప్పించుకున్నది లేదు.

ఆమె చేసే రింగులు కెమెరాలకు. పాతకాలపు లెన్సులకు వెనక మర ఉండేది. సీసా మూతలా తిప్పి తిప్పి కెమెరాకు బిగించేవాళ్ళు. తర్వాత వచ్చిన కెమెరాలకు ఆ మర లేదు, లెన్సును ఆనించి చిన్న తిప్పు తిప్పితే టక్కున కూర్చుంటుంది. పాత లెన్సు ఈ కెమెరాకు ఎక్కదని అందరూ చేతులెత్తేసిన చోట, మధ్యలో ఒక ఇత్తడి రింగు పెడితే రెండూ కలిసిపోతాయి. లోపలివైపు పాతదానికి మర, బయటివైపు కొత్తదానికి రెక్కలు. ఇరుపక్షాలకూ మర్యాద చెడకుండా సంబంధం కుదర్చడమే తన పని అంటుందామె. రింగు మందం వేలిగోరంత. అది వెంట్రుకవాసి ఎక్కువైతే దూరపు కొండ ఎప్పటికీ తేటగా రాదు. ఆమె చేసిన రింగు వెంట్రుకవాసి ఎక్కువైందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తీసుకురాలేదు. ఈ సంగతి ఆమె తనే చెబుతుంది. తన డప్పు తాను కొట్టుకోకూడదనేవాళ్ళకు డప్పు వాయించడం రాదని ఆమె అభిప్రాయం.

"ఇవాళ వెలుతురు బావుందే," అన్నాడాయన.

"వానలు తగ్గాయిగా. ఉంటుంది."

"నా లెన్సు సంగతి?"

"వరసలో ఉంది."

"ఆ వరస ఎటునుంచి మొదలుపెడతావో గానీ, ఎప్పుడడిగినా నేను చివర్లోనే ఉంటాను."

ఆమె ఇంకో దూదిపుల్ల తీసుకుంది.

ఆయన ఒకప్పుడు పత్రికలకు ఫోటోలు తీసేవాడు. వరదొచ్చినా వంతెన కూలినా, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, మెడలో కెమెరాతో ముందు వరసలో ఉండేవాడు. ఆయన తీసిన వరద ఫోటోలు నాలుగు ఆ గదిలో గోడకు వేలాడుతున్నాయి. పోయిన చలికాలం గుండె ఒకసారి మొరాయించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మెట్లెక్కడం మానేశాడు, కబుర్లు మానలేదు. పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చుంటే చీకటిపడేదాకా అదే ఆయన చోటు. ఆమె పనిబల్ల ఎదురుగానే ఉంటుంది.

ఆయనడిగే లెన్సుకు ఒక కథ ఉంది. పెద్ద కథేం కాదు, ఒక మూత కథ.

ఆయన వాడే రకం కెమెరాలో కన్ను లెన్సులోంచి చూడదు, పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తుంది. ఆ కిటికీ నడుమ బొమ్మ రెండుగా విడిపోయి కనిపిస్తుంది. లెన్సు తిప్పుతూ పోతే రెండు మొహాలూ దగ్గరకొచ్చి ఒకటవుతాయి. ఒకటైన చోట మీట నొక్కాలి. అంతా బాగానే ఉంటుంది గానీ, కన్ను చూసే దారి వేరు, లెన్సు చూసే దారి వేరు కావడంతో లెన్సుకు మూత ఉన్నా కిటికీలో లోకం నిండుగానే కనిపిస్తుంది. వేరే రకం కెమెరా వాళ్ళు కలలో కూడా చెయ్యలేని తప్పు ఇది. వీళ్ళు మాత్రం ఒక్కసారైనా చెయ్యకుండా ఉండరు.

ఆయన చేసింది పెళ్ళైన కొత్తలో. ఇద్దరూ కొండ మీదికి వెళ్ళారు. గాలికి జుట్టు రేగిపోతుంటే ఆమె నిలబడింది, కూర్చుంది, బండకు ఆనుకుంది, ఆయన నవ్వమన్నప్పుడల్లా నవ్వింది. రీలు మొత్తం ఆమే. ఇంటికొచ్చి కడిగి చూస్తే నెగటివ్ ఈ కొస నుంచి ఆ కొసకు గాజులా ఖాళీగా ఉంది. మూత పొద్దుటినుంచీ లెన్సు మీదే ఉంది.

ఊరందరి ఫోటోలూ తీసే మొగుడికి పెళ్ళాం ఫోటో తీయడం చేతకాలేదని ఆమె అలిగింది. ఇక నా జోలికి రావద్దంది. ఆ అలక రెండు పూటల్లో చల్లారవలసిందే. కానీ ఆయన మళ్ళీ కెమెరా ఎత్తగానే ఆమె "మూత?" అంది. ఆయన ఉలిక్కిపడి లెన్సు తడుముకున్నాడు. అది చూసి ఆమె పడీపడీ నవ్వి పక్కకు తప్పుకుంది. అక్కణ్ణుంచి అదొక ఆటైంది. ఆయన కెమెరా ఎత్తడం, ఆమె "మూత?" అనడం, ఆయన తడుముకోవడం, ఆమె తప్పుకోవడం. ఆట అలవాటైంది, అలవాటు ఇంటి చట్టమైంది. ఏళ్ళు గడిచాక చూసుకుంటే అట్టపెట్టెల నిండా వరదలూ వంతెనలూ ఊరేగింపులూ ఉన్నాయి, ఆమె ఫోటో ఒక్కటీ లేదు.

ఆనాటి కెమెరాలో, మీట నొక్కితే తెరుచుకునే గుడ్డ తెర చివికిపోయి అది ఎప్పుడో మూలపడింది. లెన్సు మాత్రం చెక్కుచెదరలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన దాన్ని సొరుగులోంచి తీయించాడు. "దీన్ని నా కెమెరాకు కుదిర్చిపెట్టు. దీంతోనే నిన్ను ఒక్కటి తీస్తాను. తీసి ఇక కెమెరా పక్కన పెట్టేస్తాను," అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. అప్పట్నుంచీ ఆ లెన్సు వరసలో వెనక్కి జరుగుతూనే ఉంది. పని ఎక్కువగా ఉందని ఆమె అంటుంది. పని ఎక్కువే, అబద్ధం కాదు. కానీ అసలు సంగతి వేరని ఆమెకు తెలుసు. ఆ ఫోటో తీసేదాకా ఆయనకు ఎదురుచూడడానికి ఒకటుంటుంది. ఎదురుచూసే మనిషి ఎక్కడికీ పోడని ఆమెదొక మొండి నమ్మకం.

పదకొండు దాటాక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వచ్చాడు. లావుపాటి మనిషి, నుదుటి చెమట తుడుచుకుంటూ ఒక లెన్సు బల్ల మీద పెట్టాడు. లెన్సు వెనక రింగు బిగుసుకుపోయి ఉంది.

"రావట్లేదమ్మా. నిన్నటినుంచీ తిప్పుతున్నాను."

"దేంతో తిప్పావు?"

అతను నీళ్ళు నమిలాడు. రింగు అంచున పట్టకారు పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి.

"పట్టకారు పెట్టావు."

"కొంచెమే పెట్టానమ్మా."

"కొంచెం కొరికినా కుక్క కరిచినట్టే." ఆమె రెండు రబ్బరు ముక్కలు తీసి ఒకటి ఎడమ అరచేతిలో, ఒకటి కుడి అరచేతిలో పెట్టుకుంది. "గట్టిగా పట్టుకున్నకొద్దీ గుండ్రం నొక్కుకుపోయి ఇంకా బిగుస్తుంది. వదులుగా పట్టుకోవాలి, చుట్టూ సమంగా. ఇదిగో, పసిపిల్లాడి పిడికిలి విప్పినట్టు."

అరచేతులు మెల్లగా తిరిగాయి. రింగు చిన్న కిర్రుతో ఊడి వచ్చింది. అతను తనకొచ్చిన రోగమే కుదిరినట్టు నిట్టూర్చాడు.

"ఇంకోటమ్మా. నేను దగ్గరగా చూసే తీస్తున్నా, ఫోటోలో మాత్రం జనం చిన్నగా వస్తున్నారు. చుట్టూ ఏవేవో పడుతున్నాయి."

ఆమె రింగు అంచును వేలితో తడిమింది. "పడవా మరి? ఇది పొడుగు లెన్సుకు చేసిన రింగు. కిటికీలో ఏ చట్రం వెలగాలో ఈ అంచే చెబుతుంది. ఇది పెడితే చిన్న చట్రం వెలుగుతుంది, నువ్వందులో చూసుకుంటావు. నీ లెన్సేమో పెద్దది తీసేస్తుంది."

"అందుకేనన్నమాట పెళ్ళికూతురి పక్కన కుర్చీలు మోసేవాళ్ళంతా పడ్డారు."

"వాళ్ళకు మాత్రం ఒక ఫోటో అక్కర్లేదటయ్యా?" అన్నాడు కిటికీ దగ్గర్నుంచి ఆయన.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. డబ్బాలోంచి సరైన రింగు తీసి లెన్సుకు ఎక్కించి, మూత పెట్టి ఇచ్చింది. ఇచ్చేముందు మూతను వేలితో తట్టి, "ఇది తీసి తియ్యి," అంది. అందరితోనూ అనే మాటే అది.

మధ్యాహ్నం పైవాటా నుంచి ఆడపడుచు దిగివచ్చింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. అన్నయ్య భోంచేసి కుర్చీలోనే కునుకు తీస్తుండడంతో ఆ గొంతును బలవంతాన తగ్గించి, వంటింటి గడప దగ్గర నిలబడింది.

"వదినా, నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు అన్నయ్య కెమెరాలో రీలు వేయించుకున్నాడు, తెలుసా?"

"రీలా? ఎవరిచేత?"

"నాచేతే. చేతులు వణుకుతున్నాయి, కొస పట్టుకో అన్నాడు. లెన్సే లేని కెమెరాకు రీలెందుకన్నయ్యా అంటే, మీ వదిన ఇస్తుంది అన్నాడు. ఇవ్వకపోతేనో అన్నాను. ఇస్తుందిలే, అది చేస్తానన్న పని చెయ్యకుండా ఎప్పుడైనా ఉందా అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఊళ్ళోవాళ్ళ లెన్సులన్నీ నీ బల్ల మీదే బాగుపడతాయి, అన్నయ్యది తప్ప."

రింగులమ్మ కంచం కడుగుతూ ఉండిపోయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. ఆయన తిట్టలేదు, నమ్మి రీలు వేసుకుని కూర్చున్నాడు. తన భయంతో తను ఆయన్ని వరసలో నిలబెట్టిందని, ఆయన నిలబడి కూడా తనమీద నమ్మకం వదల్లేదని తెలిసి ఆమెకు సిగ్గేసింది. చేతులు తుడుచుకుని వచ్చి, గుడ్డసంచిలోంచి ఆ లెన్సు బయటికి తీసింది. మూత మీది నల్లరంగు అంచుల్లో పోయి ఇత్తడి కనిపిస్తోంది.

ఇక పనిలో పడ్డాక ఆమెకు వెనకాముందూ లేదు. ఇత్తడి దిమ్మెను లేత్‌కు బిగించింది. పసుపు పొట్టు సుడులు తిరుగుతూ రాలింది. ఈ పాత మర లెక్కే వేరు. దానికి దగ్గరగా ఉన్న లెక్కతో కోస్తే రెండు చుట్లు చక్కగా తిరిగి మూడో చుట్టులో పట్టేస్తుంది. ఆమె పళ్ళచక్రాలు మార్చి సరైన లెక్కతోనే కోసింది. మైక్రోమీటరు పెట్టకముందే మందం సరిపోయిందని వేలికి తెలిసింది, అయినా పెట్టి చూసింది. అంచును కిటికీలో సరైన చట్రం వెలిగేలా తీర్చింది. లెన్సు రింగులోకి వెన్నలా దిగింది.

కష్టం అక్కడితో తీరలేదు. లెన్సు చేసిన కార్ఖానా ఒకటి, కెమెరా చేసింది ఇంకొకటి. లెన్సు ముందుకు జరిగే లెక్కలో ఇద్దరికీ పిసరంత తేడా ఉంది. కిటికీలో రెండు మొహాలూ ఒకటైనట్టు కంటికి కనిపించినా, ఫిల్ము దగ్గర అవి ఒకటి కావు. లోపల పలుచటి ఇత్తడి వాషర్లు పెట్టి దాన్ని సర్దవచ్చు గానీ, ఒక్క దూరానికి మాత్రమే. దగ్గరకు సర్దితే దూరం మసకవుతుంది, దూరానికి సర్దితే దగ్గర మసకవుతుంది. అందుకే వచ్చినవాళ్ళను ఆమె ముందే అడుగుతుంది, "నీకేం కావాలి, మొహాలా, కొండలా?" అని. తేల్చుకోలేనివాళ్ళకు మధ్యేమార్గంగా సర్ది పంపుతుంది.

ఈయన్ని అడగలేదు. పురికొస ఉండ తీసుకుని కుర్చీ దగ్గరకు వెళ్ళింది. ఆయన నోరు కాస్త తెరిచి నిద్రపోతున్నాడు, చెంపల మీద మాసిన తెల్లటి గడ్డం. పురికొస ఒక కొసను ఆయన కనుబొమకు ఆనీ ఆననట్టు పట్టి చూసి, ఆ సూటినే కుర్చీకి చుట్టి, రెండో కొసను బల్ల వెనక తన స్టూలు దాకా లాగి, కూర్చుంటే తన మొహం ఉండే చోట ముడి వేసింది. ఆ దూరమే తీసుకెళ్ళి వరండాలో గోడకంటించిన గీతల కాగితం ముందు కొలిచింది. పరీక్షలకు ఉంచుకున్న తన కెమెరాకు లెన్సు ఎక్కించి, ఫిల్ముండే చోట గరుకు గాజు పెట్టి, భూతద్దంతో చూసింది. ఒక వాషరు తీసి, దానికన్నా పలుచనిది పెట్టింది. మళ్ళీ చూసింది. ఇంకోటి మార్చింది. చివరికి కిటికీలో గీతలు కలిసిన చోటే గాజు మీదా గీతలు కత్తితో కోసినట్టు నిలబడ్డాయి.

ఇక ఆ లెన్సు కొండల్ని మసగ్గానే తీస్తుంది. తీస్తే తీయనీ, కొండ మీద నిలబడాల్సిన రోజు ఎప్పుడో అయిపోయింది.

ఎండ వాలి కిటికీలోంచి బల్ల మీదికి వచ్చే వేళకు ఆయన నిద్ర లేచాడు. ఆమె లెన్సుకు మూత పెట్టి ఆయన ఒళ్ళో ఉంచింది. ఆయన కుర్చీ పక్కనున్న కెమెరా తీసుకుని లెన్సును ఆనించి తిప్పాడు. టక్కుమంది. ఆ చప్పుడు విని ఆయన మొహం విప్పారింది.

"ఎంత దూరానికి సర్దావు?"

"మీరే చూసుకోండి."

ఆమె వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆయన కెమెరా కంటికెత్తి, లెన్సును మెల్లగా తిప్పుతూ, ఒక చోట ఆపేశాడు. లెన్సు మీదున్న దూరపు అంకె చూశాడు. తర్వాత బల్ల మీద ముడి వేసి ఉన్న పురికొస కేసి చూశాడు. ఆయనకు చెప్పక్కర్లేకపోయింది.

"ఇక్కడికేనా?"

"అక్కడికే."

"మరి మిగతా లోకం?"

"మిగతా లోకాన్ని చాలానే తీశారుగా. చాల్లెండి."

ఆయన కెమెరా దించాడు. కళ్ళు తుడుచుకున్నాడో, కెమెరా కిటికీ గాజు తుడుచుకున్నాడో. "ఆ కళ్ళద్దాలు తియ్. గది కిటికీ అంతా వాటిలోనే పడుతోంది," అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు తీసింది. ఆయన ఒక మబ్బయ్యాడు, కెమెరా మబ్బులో నల్లటి మరక. లెన్సుకు మూత ఉందో లేదో ఆమెకు కనిపించే ప్రశ్నే లేదు. నాలుక చివరిదాకా "మూత?" వచ్చింది. అడిగితే ఆయన ఉలిక్కిపడతాడు, తను నవ్వి తప్పుకుంటుంది, ఇద్దరూ మళ్ళీ మొదటికొస్తారు. ఇన్నేళ్ళలో ఆమె ఆ మాటను మింగడం అదే మొదటిసారి. చేతులు ఇత్తడి పొట్టు మధ్యనే ఉంచి, జుట్టు సర్దుకోకుండా, ఆ మబ్బు వైపు సూటిగా చూసింది.

చిటికె వేసినంత చప్పుడైంది.

"ఇంకోటి తీస్తారా?" ఆమె తనే అడిగింది.

"ఒక్కటి చాలు. బాగా వచ్చింది."

"కడగకుండానే ఎలా చెబుతారు?"

"కొలవకుండానే నువ్వు రింగు మందం చెప్పవూ? ఇదీ అంతే."

ఆమె నవ్వుతూ లేత్ వైపు తిరిగి, బ్రష్షుతో పొట్టు ఊడ్వడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చినవాడి రింగు గురించి చెప్పింది, ఆ గాట్లు అరగదీసి నునుపు చెయ్యాలంది. ఆయన ఊఁ అన్నాడు. వాళ్ళ చెల్లెలి నోటి దురుసు గురించి చెప్పింది. దానికి ఊఁ రాలేదు. చెల్లెల్ని అంటే ఎప్పుడూ రాదు కదా అనుకుంది.

"టీ పెట్టనా?"

బ్రష్షు ఆగింది. వీధిలో ఎవరో షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగింది. ఆయన తల కిటికీ వైపు వాలి ఉంది, మొహంలో ఇందాకటి తృప్తే ఉంది. దగ్గరకెళ్ళి మణికట్టు పట్టుకుంది, తర్వాత మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. సన్నటి పనికి అలవాటుపడ్డ వేళ్ళు అవి, పొరపాటు పడవు. అయినా చాలాసేపు అక్కడే ఉంచింది. తర్వాత కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

కూర్చుంటే ఆయన ఒళ్ళో కెమెరా సరిగ్గా ఆమె కళ్ళముందుకొచ్చింది. అది బోర్లా పడి ఉంది, లెన్సు చొక్కాలో దూరి కనిపించడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అడగలేదు. అన్నిసార్లు అడిగి, అడగాల్సిన ఒక్కసారీ అడగలేదు. ఆయన మరిచిపోయి ఉంటే, ఆ చూపూ, ఆ వెలుతురూ, ఆ పురికొసా అన్నీ మూత వెనకే ఉండిపోయి ఉంటాయి. కెమెరాను తిప్పి చూస్తే తేలిపోతుంది. దేనికీ వెనకాడని ఆ చేతులు దాన్ని తిప్పడానికి ముందుకు రాలేదు.

ఆయన ఎడమ చెయ్యి తొడ మీద పిడికిలి బిగించి ఉంది. ఆమె దాన్ని తన రెండు అరచేతుల మధ్యకు తీసుకుంది. గట్టిగా పట్టుకోలేదు. వదులుగా, చుట్టూ సమంగా పట్టుకుని, ఒక్కొక్క వేలే విప్పింది.

లోపల మూత ఉంది.

"తీశారన్నమాట," అంది.

అప్పుడు ఏడ్చింది, ఆయన మోకాలికి నుదురు ఆనించి, గొంతెత్తకుండా. ఆ ఫిల్ము కడిగి చూసుకోవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు. ఆ కుర్చీకీ ఈ బల్లకీ మధ్య దూరంలో ఆ లెన్సు తప్పదు, దాన్ని సర్దింది తనే. కాసేపటికి లేచి మొహం తుడుచుకుని, మెట్ల దగ్గరకెళ్ళి ఆడపడుచును పిలిచింది. పిలిచే ముందు చేతిలోని మూతను లెన్సుకు పెట్టలేదు, పనిబల్ల మీద ఇత్తడి పొట్టు మధ్యన పెట్టింది.

అంచుల్లో నల్లరంగు పోయిన ఆ మూత, ఆయన అరచేతి వెచ్చదనంతో, ఇంకా కొంతసేపు వెచ్చగానే ఉంది.